అవ్వ కాళ్ళ మీద నవ్వినవాడు

శనివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి కోయంబత్తూరు సింగానల్లూరులో మా చెల్లెలి ఇంటి బాత్రూము తలుపు మూసుకునేది. నిమిషం తిరక్కుండా అరుపు మొదలయ్యేది. పక్కింటివాళ్ళు మొదట్లో ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు, తర్వాత రావడం మానేశారు. లోపల నాలుగున్నరేళ్ళ పిల్లవాడు, వాడి జబ్బ పట్టుకున్న తల్లి, పైన షవరు. పావుగంటకు ఇద్దరూ తడిసి, ఇద్దరి కళ్ళూ ఎర్రబడి బయటికి వచ్చేవాళ్ళు. అరుపు మధ్యలో వాడు ఒకే ఒక్క చప్పుడు పదేపదే అనేవాడు: "చ్చ... చ్చ..." వాడికి అప్పటికి వచ్చిన మాటలు పదో పన్నెండో. నీళ్ళంటే అసహ్యమేమో, ఛీ కొడుతున్నాడనుకున్నాం అందరం.

ఇదే పిల్లవాడు రెండేళ్ళ దాకా మా అమ్మ కాళ్ళ మీద పడుకుని, నీళ్ళు పోస్తుంటే కిలకిలా నవ్వేవాడు. అందుకు సాక్ష్యం మా చెల్లెలి పాత ఫోనులో ఒక వీడియో. అదే పిల్లవాడు, అదే ఇల్లు. మధ్యలో ఏం మారింది?

చుట్టాలు తలా ఒక తీర్పు చెప్పారు. గారాబం అన్నారు, మొండితనం అన్నారు, దిష్టి అన్నారు. నేను వాడికి పెద్దమ్మను. "రెండుసార్లు గట్టిగా పట్టుకుని పోసేస్తే అదే అలవాటవుతుందే" అని చెల్లెలికి చెప్పినదాన్ని నేనే. ఆ మాట విని అది పిల్లవాణ్ణి గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత నెల రోజుల పాటు వాడు బాత్రూము ఉన్న వైపుకే నడవలేదు. ఆ తప్పు నాది. ఈ చిక్కుముడి విప్పడానికి నేను కూర్చున్నది కూడా అందుకే.

వాడికి ఆటిజం ఉందని నాలుగేళ్ళ వయసులో తేలింది. నీళ్ళ గొడవ చెప్పగానే పిల్లల డాక్టరు మొదట చూసినవి రెండు: చెవులు, చర్మం. చెవిలో చీముంటే తల మీద నీళ్ళు నరకం. ఎగ్జిమా ఉంటే సబ్బు మంట. మాటలు రాని పిల్లల నొప్పిని అందరూ మొండితనం కింద జమకట్టేస్తారని ఆయన భయం. రెండూ లేవు. అక్కడి నుంచి పని మా చేతుల్లోకి, ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు చేతుల్లోకి వచ్చింది. ఆవిడ మాకు ఒకటే నియమం పెట్టారు. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏం జరిగిందో రాయండి. తమిళనాట ప్రతి ఇంట్లో గోడకుండే రోజూ చింపే క్యాలెండరు చెల్లెలి ఇంట్లోనూ ఉంది. చింపిన కాగితాల వెనకే రాసుకున్నాం.

అసలు చిక్కెక్కడంటే, అన్నీ ఒకేసారి మారాయి. వాడికి రెండు నిండిన వేసవిలో అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, పీట మీద కూర్చోలేకపోయింది. అదే వేసవిలో పెరట్లో రేకుల నీళ్ళగది తీసేసి లోపల టైల్సు బాత్రూము కట్టారు. కట్టెపొయ్యి మీద కాగు పోయి గీజరు వచ్చింది. చెంబు పోయి షవరు వచ్చింది. సున్నిపిండి పోయి వాసన సబ్బు వచ్చింది. మనిషి మారింది, చోటు మారింది, నీళ్ళు మారాయి, వాడి భంగిమ మారింది. ఇంతమంది అనుమానితుల్లో దొంగ ఎవరు?

వీడియోను పదిసార్లు చూశాను. అమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపింది. చీర మోకాళ్ళ పైకి మడిచింది. పిల్లవాడు బోర్లా, ఆ రెండు కాళ్ళ మధ్య ఇరుక్కున్నట్టు పడుకున్నాడు. నువ్వులనూనె పట్టిన అరచెయ్యి వాడి భుజాల దగ్గర మొదలై మడమల దాకా ఒత్తుతూ, ఆగకుండా, తొందరలేకుండా దిగుతోంది. మళ్ళీ పైనుంచి. పక్కన ఇత్తడి అండాలో నీళ్ళు. మోచెయ్యి ముంచి వేడి చూసింది. మొదటి చెంబు కాళ్ళ మీద, రెండోది నడుము మీద, ఆ పైన వీపు. "ఒకటీ... రెండూ..." అని లెక్క. చుట్టూ పెరడు, పైన ఆకాశం. సొరపాదు మీద పిట్ట అరుపు తప్ప ఇంకో శబ్దం లేదు.

మొదటి ఆధారం శబ్దమే. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం అచ్చువేశాడు. ఆటిజం అన్న మాటకు నేటి అర్థం రావడానికి దారివేసింది ఆ వ్యాసమే. ఆ పిల్లలను హడలగొట్టే వస్తువుల పట్టికలో లిఫ్టు, వాక్యూం క్లీనరు, గ్యాసు పొయ్యి, గుడ్లు గిలకొట్టే పరికరం ఉన్నాయి. వాటి మధ్యనే పారే నీళ్ళూ ఉన్నాయి. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎనభై ఏళ్ళ కిందటి వ్యాసంలో మా చెల్లెలి ఇంటి షవరు కనిపించింది. అయితే కానర్ దీన్ని బయటి లోకం చొరబాటుగా చూశాడే తప్ప, ఇంద్రియాల సంగతిగా ముందుకు తీసుకుపోలేదు. శబ్దం, స్పర్శ, వెలుతురు ఈ పిల్లలకు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తగులుతాయన్న విషయం అమెరికా మనోవైద్యుల రోగనిర్ధారణ గ్రంథంలో ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేరేసరికి 2013 అయింది.

చెల్లెలి బాత్రూములో నిలబడి, తలుపు వేసి, కళ్ళు మూసుకుని విన్నాను. టైల్సు గోడలు నాలుగు, కింద టైల్సు, పైన కాంక్రీటు. శబ్దాన్ని మింగేది ఒక్కటీ లేదు. షవరు విప్పితే పెనం మీద వాన పడ్డట్టు ఉంది. ఎగ్జాస్టు ఫ్యాను గిరగిర. వీటన్నిటి అడుగున ఇంకొక హోరు, గోడలోంచి వస్తున్నట్టుగా. మెట్ల కింద నీళ్ళ మోటారు. శనివారం తొమ్మిదింటికే మా మరిది ట్యాంకు నింపుతాడు. మోటారంటే మా ఊళ్ళకు గర్వం. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో దేశవాళీ విద్యుత్ మోటారు తయారుచేసింది ఇక్కడికి దగ్గర్లోని పీలమేడులోనే. ఆ హోరు మధ్యే పుట్టి పెరిగినవాళ్ళం, మా చెవికి అది వినబడనే వినబడదు. వాడికి వినబడుతోంది.

మర్నాడు మోటారు ఆపాం, ఫ్యాను ఆపాం, వాడు లోపలికి రాకముందే బకెట్టు నింపి కుళాయి కట్టేశాం, నేల మీద రబ్బరు చాప, తలుపుకు పాత దుప్పటి. ఒకటే మార్చాలన్న నియమాన్ని అక్కడ తప్పాం, శబ్దమంతా ఒకే పద్దు అనుకుని. వాడు గడప దాటి లోపలికి వచ్చాడు. నెల తర్వాత మొదటిసారి. కానీ షవరు విప్పగానే మళ్ళీ అదే అరుపు. దొంగల్లో ఒకడు దొరికాడు, ముఠా ఇంకా ఉంది.

రెండో ఆధారం కోసం కోయంబత్తూరుకు ఉత్తరాన కనిపించే కొండల మీదికి పోవాలి. 1901–02లో డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు నీలగిరుల్లో తోడాల మధ్య నెలల తరబడి ఉన్నాడు. వాళ్ళ ఆచారాల మీద 1906లో పెద్ద పుస్తకం వేశాడు గాని, అక్కడ ఉండగా వాళ్ళ చూపు, స్పర్శ, నొప్పి ఎలా పనిచేస్తాయో కూడా పరీక్షలు పెట్టి కొలిచాడు. తిరిగి ఇంగ్లండు వెళ్ళాక ఆయన చేసిన పని ఇంకా విచిత్రం. స్నేహితుడు హెన్రీ హెడ్ అనే నరాల వైద్యుడు 1903 ఏప్రిల్ 25న తన ఎడమ ముంజేతి చర్మానికి పోయే నరాన్ని కావాలని కోయించుకున్నాడు. స్పర్శ తిరిగి ఎలా వస్తుందో తెలుసుకోవడానికి. నాలుగేళ్ళకు పైగా, కేంబ్రిడ్జిలో రివర్స్ గదిలో, హెడ్ కళ్ళు మూసుకుని కూర్చుంటే రివర్స్ దూదితో, సూదితో, వేడి, చల్లని గొట్టాలతో ఆ చేతిని తాకి, ఆయన చెప్పింది రాసుకుంటూ పోయాడు. ఇద్దరూ 1908లో ఫలితాలు అచ్చువేశారు.

ఏం తేలింది? నరం తెగిన చోట దూది తగిలితే తెలియలేదు. వేలితో గట్టిగా ఒత్తితే మాత్రం మొదటి రోజు నుంచే తెలిసింది. అంటే ఒత్తిడికి వేరే దారి ఉంది. ఆపైన స్పర్శ తిరిగొచ్చే మధ్య దశలో ఒక వింత. చిన్న గుచ్చుడు, కొంచెం చలి కూడా చెప్పలేనంత చికాకుగా, ఎక్కడ తగిలిందో తెలియకుండా చుట్టూ పాకినట్టుగా అనిపించేవి. సన్న స్పర్శను తెలిపే దారి పూర్తిగా తిరిగొచ్చాకే ఆ చికాకు అణిగింది. స్పర్శలో ఒకటి ఆదిమమైనది, ఒకటి మెరుగైనది, రెండోది మొదటిదాన్ని అదుపులో పెడుతుంది అని హెడ్ సిద్ధాంతం కట్టాడు. ఆ సిద్ధాంతాన్ని తర్వాతివాళ్ళు ఒప్పుకోలేదు. కానీ 1960లలో కాలిఫోర్నియాలో ఎ. జీన్ ఎయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు, తేలికగా తాకినా ఉలిక్కిపడి తోసేసే పిల్లలను చూసి, ఆ పాత ఆలోచననే మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఈ పిల్లల్లో తాకిడి ఒక వార్తగా కాక హెచ్చరికగా అందుతోందని ఆమె అంచనా. గట్టి ఒత్తిడి ఆ హెచ్చరికను చల్లార్చగలదని కూడా. ఆటిజం ఉన్న టెంపుల్ గ్రాండిన్, పశువులను నిలిపే ఇరుకు చట్రాన్ని చూసి, తనను తాను రెండు వైపులా ఒత్తుకునే యంత్రం కట్టుకుంది. మనిషి కౌగిలింత భరించలేని తనకు ఆ ఒత్తిడి నెమ్మదినిచ్చిందని రాసింది.

ఇప్పుడు మళ్ళీ వీడియో చూడండి. అమ్మ కాళ్ళు రెండు గోడల్లా వాణ్ణి రెండు వైపులా ఒత్తి పట్టుకున్నాయి. నూనె చెయ్యి ఒత్తుతూ దిగుతోంది. చెంబు నీళ్ళు ధారగా, ఒక ముద్దగా, బరువుగా పడుతున్నాయి. షవరు అలా కాదు. వంద సన్న చుక్కలు, వంద చోట్ల, ఒక్కటీ నిలవదు, ఎక్కడ తగిలిందో తేల్చుకునేలోపు ఇంకో చోట. దాని మీద మా చెల్లెలి వేళ్ళు, భయంతో, ఒత్తీ ఒత్తకుండా. వాడికి అవి వేళ్ళు కావు, సూదులు.

మా ఇళ్ళల్లో స్నానం చేయడం అనరు, నీళ్ళు పోసుకోవడం అంటారు. ఈ నేలకు విజయనగర, మదురై నాయకుల కాలంలో దిగివచ్చిన మావాళ్ళు బడిలో తెలుగు చదవకుండానే ఇంట్లో నిలుపుకున్న మాటల్లో అదొకటి. పోసేవాళ్ళుంటారు, పోయించుకునేవాళ్ళుంటారు, చెంబుకు ఇంత అని లెక్క ఉంటుంది. షవరు కింద పోసేవాళ్ళు లేరు.

షవరు కట్టేశాం. అమ్మ చెంబు అటక మీదినుంచి దిగింది. నీళ్ళకు ముందు రెండు నిమిషాలు భుజాలు, చేతులు, పిక్కలు అరచేత్తో ఒత్తడం. గీకడం, చక్కిలిగింత తాకుడు లేవు. నీళ్ళు పాదాల దగ్గర మొదలు. తడి తువ్వాలుతో రుద్దకుండా అద్దడం. ముగిశాక మందపాటి తువ్వాలులో మెడ దాకా బిగుతుగా చుట్టడం. క్యాలెండరు కాగితం వెనక చెల్లెలు ఆ రోజు రాసింది: "నడుము దాకా ఏడవలేదు."

నడుము దగ్గర ఆగడానికి కారణం వేరే ఉంది, అది నీళ్ళలో ఉంది. కోయంబత్తూరు ఇళ్ళలో రెండు కుళాయిలు, మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు. శిరువాణి నీటి రుచి గురించి ఈ ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు, అది వంటకూ తాగడానికీ. బాత్రూముకు వచ్చేది బోరు ఉప్పునీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి, ఒంటికి అతుక్కుంటాయి. ఎంత కడిగినా జిగట పోదు, ఆరాక చర్మం లాగినట్టుంటుంది. మనం ఒక్కసారి గోక్కుని మరిచిపోతాం. వాడు రోజంతా చొక్కా లాక్కుంటూ ఉండేవాడు. పైగా గీజరు నీళ్ళు మొదట గొట్టంలోని చలి, తర్వాత సెగ. చర్మంలో వేడిని పట్టే టీఆర్‌పీవీ1 అనే ప్రొటీను 43 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దాన్ని పట్టుకున్నది మిరపకాయల్లోని కారంతోనే. ఒత్తిడిని పట్టే పీజో ప్రొటీన్లను ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2010లో కనుక్కుంది. 2021 నోబెల్ ఇద్దరికీ కలిపి వచ్చింది. కారం తిన్న నోరు మండడానికీ, వేడి తగిలిన ఒళ్ళు మండడానికీ ఒకటే తలుపు అన్నమాట. ఆ తలుపు దగ్గరికి పోకుండా ఒంటి వేడికి సరిపడా, 37, 38 డిగ్రీల్లో, ఒకే బకెట్టులో ముందే కలిపి పెట్టుకోవాలి. నడుము కింద చల్లగా, పైన సెగగా ఉండకూడదు. ఒళ్ళు కడిగేందుకు మంచినీళ్ళు ఒక్క బకెట్టు పక్కన పెట్టడానికి మరిది ఒప్పుకున్నాడు. సబ్బు పోయి సున్నిపిండి తిరిగొచ్చింది.

తల దగ్గర మాత్రం ఇంకో పది రోజులు తన్నుకున్నాం. చెల్లెలు వాడి గడ్డం పట్టి తల వెనక్కి వంచేది, కళ్ళల్లో పడకూడదని. మంచి ఉద్దేశమే. కానీ లోపలి చెవిలో తల ఎటు వంగిందో చెప్పే నీటి కాలువలు, సన్నని ఇసుకలాంటి రేణువులు ఉన్నాయి. ఆ సమాచారం బెదరగొట్టే పిల్లలకు తల వెనక్కి పోవడమంటే మెట్ల మీదినుంచి వెనక్కి పడడంతో సమానం. పైగా కళ్ళు మూసుకున్నాడు, కింద తడి నేల. వీడియోలో అమ్మ ఏం చేసింది? తల కింద అరచెయ్యి పెట్టింది, నుదుటి మీద ఇంకో చెయ్యి అడ్డం. మేం వాణ్ణి పీట మీద కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేలకు ఆనించి, మడిచిన పొడి తువ్వాలు కళ్ళకు తనే ఒత్తిపట్టుకోమని చెప్పి, ముందుకు వంచి పోశాం. కుదిరింది, సగం రోజులు.

అమ్మ చేసినదంతా ఒప్పని నేను అనడం లేదు. పసిపిల్లల ముక్కులో, చెవిలో నూనె పోయడం, సాంబ్రాణి పొగ పట్టడం వద్దని డాక్టర్లు గట్టిగా చెబుతారు. అది నిజం. ఎయర్స్ పద్ధతి మీద కూడా అందరూ ఒక మాట మీద లేరు. ఆ చికిత్సకు ఆధారాలు పరిమితమని, ఇంద్రియాల ఇబ్బందిని విడి జబ్బు పేరుగా వాడొద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో చెప్పింది. ఇంకో ఇంట్లో ఇంకో పిల్లవాడు షవరు కిందనే గంటలు నిలబడతాడు, చెంబు చూస్తే అరుస్తాడు. వాడి వీడియో వేరే, వాడి అనుమానితులు వేరే. దారి మాత్రం ఇదే: ముందు నొప్పి లేదని డాక్టరు దగ్గర తేల్చుకోవడం, తర్వాత ఒక్కొక్కటే మార్చి రాసుకోవడం, నీళ్ళ దగ్గర పిల్లవాణ్ణి ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకపోవడం. సర్కారు జిల్లా ఆసుపత్రుల్లో ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద పిల్లల కోసం పెట్టిన కేంద్రాల్లో ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది. డబ్బుల్లేక ఆగిపోనక్కర్లేదు.

ఇంత చేసినా ఆఖర్లో అరుపు మిగిలింది. మొదట్లో కాదు, మధ్యలో కాదు, ముగింపు దగ్గర. ఒళ్ళు శుభ్రమయ్యాక, ఇక చాలు అని చెల్లెలు బకెట్టు పక్కకు జరపగానే అదే "చ్చ... చ్చ..." అంటూ చెంబుకేసి చెయ్యి చాపేవాడు. పోస్తే అసహ్యం, ఆపితే అసహ్యమా? వరసగా ఎనిమిది క్యాలెండరు కాగితాల మీద ఇదే రాసి ఉంది.

కానర్ వ్యాసంలో నేను దాటేసిన ఒక సంగతి అప్పుడు గుర్తొచ్చింది. శబ్దానికి హడలిపోయే పిల్లవాడే తన చేత్తో అంత శబ్దమూ సంతోషంగా చేస్తాడని ఆయన గమనించాడు. భయం శబ్దంలో ఉండదు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తన చేతిలో లేకపోవడంలో ఉంటుంది. ఎప్పుడు ఆగుతుందో! వీడియో ఆఖరి పది సెకన్లు నేనెప్పుడూ పూర్తిగా చూడలేదు, నవ్వు అయిపోగానే ఆపేసేదాన్ని. ఈసారి ఆపలేదు. అమ్మ "ఆరూ... ఏడూ..." అంది. ఏడో చెంబు పోశాక ఇంకొక చెంబు ముంచి, వాడి తల చుట్టూ మూడుసార్లు తిప్పి, "శ్రీరామరక్ష" అని నీళ్ళు పక్కన పారబోసింది. పిల్లవాడు తల ఎత్తి అవ్వ నోటికేసి చూసి అన్నాడు: "చ్చ."

వాడు ఛీ కొట్టలేదు. షవరు కింద, జబ్బ పట్టుకున్న చేతుల మధ్య, రెండేళ్ళుగా వాడు ముగింపు అడుగుతున్నాడు. రక్ష చెప్పండి, అయిపోయిందని చెప్పండి అని, అందుకు తనకున్న ఒకే ఒక్క అక్షరంతో.

చెల్లెలికి ఫోను చేసి చెప్పాను. అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత "అక్కా, నేను వాని నోరు మూసినానే" అంది.

ఆ శనివారం అమ్మను కుర్చీతో సహా బాత్రూము గడప దగ్గరికి జరిపాం. పోసేది చెల్లెలు, లెక్క అమ్మది. ఏడు చెంబులు. మూడోది వాడే తీసుకుని తన తొడ మీద పోసుకున్నాడు. ఆఖరి చెంబు అమ్మ చేతికిచ్చాం, కుర్చీలోంచే చెయ్యి చాపి తిప్పింది. తలంటు ఇంకా సరిగా కుదరలేదు, సీకాయ వాసనకు మొహం తిప్పుకుంటాడు. గోళ్ళు తీయడం, క్షవరం ఇంకా మొదలే పెట్టలేదు. మోటారు ఇప్పుడు పదకొండింటికి వేస్తున్నారు.